శిథిల తలములు – ఛాయాచిత్ర కళ

గోడపై రంగు పెచ్చులూడిన యజమాని వెల్ల వేయింప దలచును. అమెరికా ఛాయాచిత్రకారుడు ఆరన్ సిస్కిండ్ (1903–1991) అట్టి తలముల యెదుటనే కెమెరాను నిలిపెను. 1949లో ఆరిజోనా రాష్ట్రములోని జెరోమ్ పట్టణమున ఆయన తీసిన చిత్రమిందుకు చక్కని ఉదాహరణము. లేచిన రంగు పొరలు తప్ప అందు వేరొక వస్తువు లేదు.

కెమెరాను సూటిగా, సమీపమున నిలుపుటచే లోతు అణగినది. పోల్చుటకు మరియొక వస్తువు లేనందున పరిమాణము తెలియదు. నలుపు తెలుపుల చిత్రమగుటచే వర్ణమును తొలగినది. మిగిలినది రూపమే, అది దీవుల పటమువలె కనులను నిలుపును.

ఇట్టి రూపములు ఊరక ఏర్పడవు. నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి గట్టిపడును. ఆ చర్య ఏండ్ల తరబడి సాగి పొర పెళుసుబారును. ఎండకు, తేమకు అడుగు తలము వ్యాకోచ సంకోచములు చెందగా, పొర దాని ననుసరింపలేక పగులును. పగుళ్లలో తేమ చేరి పట్టు సడలించును. ప్రతి పగులును ఒక బలము వ్రాసిన గీతయే.

అయితే ఒక కొరత కలదు. జెరోమ్ రాగిగనుల పట్టణము. చిత్రము తీయునాటికే క్షీణించుచుండెను. 1953లో గనులు మూతపడెను. చూపరికి అందమైన ఆ శిథిలత అచటివారికి జీవనోపాధి నష్టము. ఈ సంగతి చిత్రము చెప్పదు. శీర్షికలోని ఊరి పేరే దానికి మిగిలిన ఆధారము.

కావున ఇట్టి చిత్రమును రెండుమార్లు చూడవలెను: మొదట రూపమునకై, పిదప కారణమునకై. రెండవ చూపు మొదటిదాని అందమును తగ్గింపదు. పాఠశాల గోడ యెదుట విద్యార్థు లీ అభ్యాసమును నేడే ఆరంభింపవచ్చును.