ఎంగిలాకు చెప్పిన సమాధానం

కాలం మారి మనుషుల్లో కరుణ ఇంకిపోయిందని మన పెద్దలు సభల్లో తరచు వాపోతున్నారు. అది ఎప్పుడు, ఎవరిపట్ల నిండుగా ఉండేదో మాత్రం చెప్పరు. 1941 నాటి జాషువా ‘గబ్బిలం’లో ఆకలిగొన్న అరుంధతీసుతుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకున్నాడు. గుడిలోకి దానికున్న ప్రవేశం అతనికి లేదు. పాతకాలపు దయ కులం అడిగి గాని గడప దాటేది కాదు. దానికోసం కన్నీరు పెట్టడం నాకు చేతకాదు.

ఆధునిక సమాజం చేసిన పని వేరు. ముక్కూ మొహం తెలియని వాళ్ళను ఒకరికొకరు ఎదురుపడేట్టు చేసి, ఆగే తీరిక లాగేసుకుంది. హనుమాన్ జంక్షన్‌లో కాసేపు నిలబడి చూడండి. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ వైపు పోయేవాళ్ళంతా అక్కడ కలుస్తారు; ఎవరికి ఎవరూ ఏమీ కారు. ఆ చెన్నై–కలకత్తా రహదారి మీద ఒకడు నెత్తుటి మడుగులో పడివుంటే, ఆగకుండా పోయిన లారీ డ్రైవరుది రాతిగుండె అనేయడం సులువు. అతని గంటలు యజమానివి. ఆపైన పోలీసు కేసు, కోర్టు వాయిదాలు. ఈ భయం వట్టిది కాదు గనకనే 2016లో సుప్రీంకోర్టు, సాయపడినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఏ సెక్షను చేరింది. జాలిపడ్డవాడికి జామీను కావలసిన కాలమన్నమాట!

1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రిన్స్‌టన్‌లో మతవిద్యార్థులపై జరిపిన ప్రయోగాన్ని ప్రకటించారు. దారిలో మూలుగుతున్న మనిషికి, తొందర లేనివారిలో 63 శాతం సాయపడితే, బాగా తొందరలో ఉన్నవారిలో 10 శాతమే సాయపడ్డారు. వాళ్ళలో కొందరు ఉపన్యసించబోతున్నది దారినపోయే దయామయుడి కథ మీదనే! గడియారం ముందు వేదాంతం నిలవలేదు.

ఇక శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’కి వస్తాను. చెట్టుకింద ముసలి బిచ్చగత్తె చావుకు దగ్గరపడింది. మరొక కవి అయితే మన కళ్ళు తడిపి పంపించేవాడు. శ్రీశ్రీ బాధ్యత ఎవరిదని అడిగించాడు, అదీ గాలి చేత. కుక్క తన ఎముక తాను కొరుక్కుంటోంది. తొండ ఈగను మింగి తప్పుకుంది. జవాబు చెప్పింది ఎంగిలాకు ఒక్కటే, తన తప్పు లేదని. ఇందులోని వ్యంగ్యాన్ని మన వ్యాఖ్యాతలు సరిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఎంగిలాకు అంటే ఎవరో కడుపునిండా తిని పారేసిన విస్తరి. సాక్ష్యానికి అది వచ్చింది గాని, తిన్నవాడు రాలేదు.

మా తరగతిలో ఒక కుర్రవాడు లేచి, “కవితలో దారి ఉంది గాని దారినపోయే మనిషి ఒక్కడూ లేడేం మాస్టారూ?” అన్నాడు. నిజమే, లేడు. గాలి సైతం అడిగి వెళ్ళిపోయిందే తప్ప ఆగలేదు. దీన్ని కవి నిరాశ అన్నాడు ఒకడు. చదివేవాడి కోసం ఖాళీ వదిలిన చోటు అంది వెనకబెంచీ అమ్మాయి. నేను ఆ అమ్మాయి పక్షం.