దివ్య గ్రంథానికి ప్రయోగశాల సాక్ష్యం అవసరమా? మారిస్ బుకాయ్ గ్రంథంపై ఒక పరిశీలన

ఫ్రెంచ్ వైద్యుడు మారిస్ బుకాయ్ 1976లో ప్రచురించిన ‘బైబిల్, ఖుర్ఆన్, విజ్ఞాన శాస్త్రం’ అనే గ్రంథానికి ముస్లిం ప్రపంచంలో విశేషమైన ఆదరణ లభించింది. అది అనేక భాషల్లోకి అనువాదమైంది. గ్రంథాన్ని చదవనివారు కూడా అందులోని ఉదాహరణలను సభల్లో, ప్రసంగాల్లో, కరపత్రాల్లో వింటూనే ఉన్నారు. ఈ ఆదరణకు కారణం సులభంగానే బోధపడుతుంది. కళాశాలలో చదివే ముస్లిం విద్యార్థి ఒకవైపు మతం పాతకాలపు నమ్మకమనే ఎత్తిపొడుపును, మరొకవైపు సైన్సు చదివితే ఈమాన్ సడలుతుందనే హెచ్చరికను ఏకకాలంలో ఎదుర్కొంటున్నాడు. ఒక పాశ్చాత్య వైద్యుడు స్వయంగా అరబీ నేర్చి, ఖుర్ఆన్‌లో ఆధునిక విజ్ఞానానికి విరుద్ధమైన వాక్యం ఒక్కటీ లేదని ప్రకటించడం అటువంటివానికి ఎంతో ఊరట కలిగించింది.

అయితే ఊరట వేరు, రుజువు వేరు. విశ్వాసానికీ విజ్ఞానానికీ మధ్య ఈ గ్రంథం కుదిర్చిన పొత్తు ఏ పునాదిపై నిలిచింది? ఆ పునాది ఎంతకాలం నిలుస్తుంది? గ్రంథాన్ని ప్రేమతో చదివేవారు సైతం ఈ ప్రశ్నలను దాటిపోరాదు.

ముందుగా గ్రంథంలోని మేలును గుర్తించడం న్యాయం. మారిపోయే సిద్ధాంతాలకు, స్థిరపడిన వాస్తవాలకు మధ్య తేడా పాటించాలని బుకాయ్ మొదటే హెచ్చరించారు. ఖుర్ఆన్ ప్రకృతిని పౌరాణిక కల్పనలతో నింపలేదనీ, సూర్యచంద్రులను దేవతలుగా గాక దైవాజ్ఞకు లోబడిన సృష్టిగా చూపిందనీ ఆయన గమనించిన తీరు ప్రశంసనీయం. వర్షపు నీరు భూమిలో ఇంకి ఊటలుగా వెలువడుతుందనే అవగాహన ఐరోపాలో 1580లో బెర్నార్డ్ పాలిసీ రచనతో గానీ స్పష్టపడలేదని గుర్తుచేసి, అజ్జుమర్ సూరాలోని 21వ ఆయత్‌ను దాని పక్కన ఉంచారు.

కాని ఆయన పద్ధతిలోని లోపం సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. ఆ ఆయత్ ఊటల దగ్గర ముగియదు. వాన కురుస్తుంది, నీరు ఊటలుగా సాగుతుంది, రంగురంగుల పైరు మొలుస్తుంది, ఆ పైరు ఎండి పసుపుబారుతుంది, చివరకు పొట్టుగా మారుతుంది. బుద్ధిమంతులకు ఇందులో గుణపాఠం ఉందని ఆయత్ ముగుస్తుంది. చెరువు నిండితే బావిలో నీరు పెరుగుతుందని తెలంగాణ రైతుకు ఏ గ్రంథమూ చెప్పనక్కరలేదు. పచ్చని పైరు పొట్టు అయినట్లే మనిషి జీవితమూ ముగుస్తుందని, ఆ తర్వాత జవాబు చెప్పుకోవలసి ఉంటుందని మాత్రం గుర్తుచేయాలి. ఆయత్ వచ్చింది అందుకు. బుకాయ్ చర్చ నీటి ప్రయాణం దగ్గరే ఆగిపోయింది. సాధనాన్ని చూసి లక్ష్యాన్ని వదిలేసినట్లయింది.

రెండవ ఉదాహరణ అజ్జారియాత్ సూరాలోని 47వ ఆయత్. ఆకాశ నిర్మాణాన్ని ప్రస్తావించే ఆ వాక్యంలోని చివరి పదాన్ని బుకాయ్ విశ్వం విస్తరిస్తోందనే ఆధునిక నిర్ణయానికి సూచనగా తీసుకున్నారు. ప్రాచీన వ్యాఖ్యాతలు ఆ పదానికి సామర్థ్యం కలిగి ఉండడమనీ, విశాలంగా నిర్మించడమనీ, ఉపాధిని విస్తరింపజేయడమనీ అర్థాలు చెప్పారు. విశ్వ విస్తరణ నేడు బలంగా రుజువైన విషయమే, సందేహం లేదు. కాని ఆ రుజువు నడిచిన దారిని గమనించాలి. 1917లో ఐన్‌స్టీన్ అంతటివాడు విశ్వం స్థిరమని భావించి, దాన్ని స్థిరంగా ఉంచేందుకు తన సమీకరణాల్లో ఒక పదాన్ని అదనంగా చేర్చాడు. దూరపు నక్షత్ర మండలాలు దూరానికి తగిన వేగంతో ఎడమవుతున్నాయని 1929లో హబుల్ చూపాడు. విశ్వం విస్తరిస్తున్నా దానికి ప్రారంభమంటూ లేదనే సిద్ధాంతాన్ని 1948లో హాయిల్, బాండీ, గోల్డ్ ప్రతిపాదించారు. 1965లో అంతరిక్షపు నేపథ్య వికిరణం బయటపడ్డాక ఆ సిద్ధాంతం వెనుకబడింది. విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తేలింది.

ఈ వరుసలో ఒక విషయం ఆలోచింపదగినది. 1948 నాటి సిద్ధాంతం సృష్టికి ఆరంభమే లేదన్నది, అయినా విస్తరణను అంగీకరించింది. బుకాయ్ పద్ధతి ప్రకారం అదే ఆయత్‌ను ఆ సిద్ధాంతానికీ సాక్ష్యంగా చూపవచ్చు. సృష్టిని అంగీకరించేవానికీ, నిరాకరించేవానికీ ఒకేలా పనికివచ్చే సాక్ష్యం దేన్నీ రుజువు చేయదు. 1917లో ఎవరైనా ఇదే పద్ధతిని అనుసరించి ఉంటే, ఆకాశం దృఢంగా నిర్మించబడిందనే ఆయతులను స్థిర విశ్వానికి రుజువుగా చూపేవారు. పన్నెండేళ్లకే వారు ఆ మాటను వెనక్కు తీసుకోవలసి వచ్చేది.

ఇది ఊహ మాత్రమే కాదు. చరిత్రలో ఇలాగే జరిగింది. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) తఫ్సీర్ విద్యలో మహాపండితుడు, తన కాలపు ఖగోళ విద్యను క్షుణ్ణంగా ఎరిగినవాడు. అల్ బఖరా సూరా 22వ ఆయత్‌లో భూమిని పరుపుగా చేసిన ప్రస్తావన వస్తుంది. భూమి పరుపు కావాలంటే మొదటి షరతు అది కదలకుండా ఉండడమేనని ఆయన వివరించారు. ఆనాటి శాస్త్రం చెప్పింది అదే. నేడు భూభ్రమణం బడిపిల్లలకు తెలిసిన విషయం. ఇక్కడ పొరబడినది ఆయత్ కాదు. ఆయత్‌కు ఆనాటి ఖగోళ శాస్త్రాన్ని జోడించిన వ్యాఖ్యానం పొరబడింది. నేటి ఖగోళ శాస్త్రాన్ని జోడించేవారు తమకు మాత్రం ఆ గతి పట్టదని ఏ ధైర్యంతో చెప్పగలరు?

రాజీకి ఒకటిన్నర శతాబ్దాల ముందే అల్ బీరూనీ వేరొక వైఖరి అవలంబించారు. భూమి తిరుగుతుందన్నా ఖగోళ గణితానికి నష్టం లేదని భారతదేశంపై రాసిన తన గ్రంథంలో ఆయన పేర్కొన్నారు. నిశ్చయంగా తెలిసిన వాస్తవాలతో పొసగించేందుకు అర్థాన్ని బలవంతంగా మలచవలసిన మాట ఖుర్ఆన్‌లో లేదనే భావాన్ని కూడా ఆయన అదే గ్రంథంలో వెల్లడించారు. భూమి తిరుగుతుందా లేదా అనే ప్రశ్నను ఆయన గణితానికీ పరిశీలనకూ వదిలారు. దానికోసం ఆయతులను కదిలించలేదు.

మూడవ విషయం మరింత సున్నితమైనది. పిండోత్పత్తిని ప్రస్తావించే ఆయతుల్లోని ‘అలఖ్’ అనే పదానికి వ్యాఖ్యాతలు శతాబ్దాల తరబడి గడ్డకట్టిన రక్తం అని అర్థం చెప్పారు. అంటిపెట్టుకునేది అనే అర్థమే సరైనదని బుకాయ్ వాదించారు. భాష రీత్యా ఆ అర్థానికి అవకాశముంది. కాని ఆయత్ అసలు అర్థం సూక్ష్మదర్శిని వచ్చాకే తేలిందంటే, దాన్ని మొట్టమొదట విన్న సహాబాలు అర్థం తెలియకుండానే విన్నారని చెప్పినట్లవుతుంది. గ్రనాడాకు చెందిన ఇమామ్ షాతిబీ (మరణం 1388) ‘అల్ మువాఫఖాత్’లో లేవనెత్తిన ఆక్షేపణ ఇదే. సకల శాస్త్రాలనూ ఖుర్ఆన్‌లో వెదికేవారు, ఖుర్ఆన్‌ను అందరికన్నా బాగా ఎరిగిన తొలి తరంవారు ఆ పని ఎందుకు చేయలేదో చెప్పాలన్నది ఆయన వాదన. 1958 నుండి 1963 వరకు అల్ అజ్హర్ షేఖ్‌గా ఉన్న మహమూద్ షల్తూత్ కూడా శాస్త్రీయ తఫ్సీర్ ధోరణిని నిరాకరించారు. నేటి సిద్ధాంతం రేపు కూలితే ఆ అపకీర్తి ఖుర్ఆన్‌కు అంటుతుందని ఆయన భయపడ్డారు.

బుకాయ్ గ్రంథాన్ని మెచ్చుకునేవారు మౌనంగా దాటిపోయే అధ్యాయం ఒకటుంది. హదీసుల గురించిన అధ్యాయం అది. ప్రకృతి విషయాలను ప్రస్తావించే కొన్ని హదీసులు శాస్త్రం రీత్యా అంగీకారయోగ్యం కావని ఆయన అందులో తీర్మానించారు. హదీసుల పరిశీలనకు ముహద్దిసులు ఏర్పరచిన కొలమానాలు వేరే ఉన్నాయి. ఇక్కడ తీర్పరి స్థానంలో కూర్చున్నది ప్రయోగశాల. మొదటి అధ్యాయాల్లో తనకు అనుకూలంగా తీర్పు వచ్చినప్పుడు తీర్పరిని పొగిడినవాడు, ఈ అధ్యాయంలో ఆ తీర్పరి అధికారాన్ని ఏ కారణంతో నిరాకరిస్తాడు? వహీకి సైన్సు ధ్రువపత్రం ఇవ్వగలదని ఒప్పుకుంటే, దాన్ని రద్దు చేసే అధికారాన్ని కూడా సైన్సుకు అప్పగించినట్లే. గ్రంథంలోని అసలు ప్రమాదం ఇదే.

ఈ చిక్కు కొత్తది కాదు. దైవవాక్కుకూ దైవకార్యానికీ మధ్య వైరుధ్యం ఉండజాలదని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ (1817-1898) ప్రకటించారు. సూత్రం నిర్దుష్టమైనదే. కాని ఆనాటి ప్రకృతి శాస్త్రం అంగీకరించని ప్రతిదానికీ, దైవదూతలకూ మహిమలకూ సైతం, సహజ వ్యాఖ్యానాలు వెదకడంతో ఆయన ఉలమాల ఆగ్రహానికి గురయ్యారు. ఈ ‘నేచరీ’ ధోరణిపై జమాలుద్దీన్ అఫ్గానీ ఫారసీలో రాసిన ఖండన 1881లో మన హైదరాబాదులోనే వెలువడింది. అదే అఫ్గానీ మరుసటి ఏడు కలకత్తాలో ప్రసంగిస్తూ, విద్యను ముస్లిం విద్య, ఐరోపా విద్య అని విడదీసే ఉలమాలను తీవ్రంగా మందలించారు. సైన్సుకు తలవంచి ఆయతులను మలచడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆయతుల పేరిట సైన్సును వెలివేయడమూ సమ్మతం కాలేదు.

మరి ఈ రెండూ కాని మార్గం ఏది? దాన్ని దైవప్రవక్త (స) స్వయంగా చూపారు. క్రీ.శ. 632 జనవరిలో ఆయన పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం సంభవించింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు మసకబారాడని ప్రజలు చెప్పుకున్నారు. ఒక మతస్థాపకునికి ఇంతకన్నా అనుకూలమైన ‘రుజువు’ ఏముంటుంది? కాని పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ చెప్పి, నమాజుకు పురికొల్పారు. ఖర్జూర చెట్ల పరాగ సంపర్కం విషయంలో తన అభిప్రాయం పాటించినవారికి పంట తగ్గినప్పుడు, ప్రాపంచిక వ్యవహారాలు వారికే బాగా తెలుసని సెలవిచ్చారు. సత్యం కాని ఆధారంపై సత్య ధర్మాన్ని నిలపడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఇమామ్ గజాలీ (మరణం 1111) ‘తహాఫుత్’లో ఈ బాటలోనే నడిచారు. తత్వవేత్తలపై అంతటి యుద్ధం ప్రకటించిన గ్రంథంలోనే, గ్రహణాలకు గణితజ్ఞులు చెప్పే కారణాన్ని ధర్మం పేరిట ఖండించేవాడు ధర్మానికే హాని చేస్తాడని హెచ్చరించారు. లెక్క తెలిసినవాడు ఆ ఖండన విని లెక్కను అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు.

ఇలా చెప్పినంత మాత్రాన చిక్కులన్నీ తీరిపోవు. మానవ సృష్టి, జీవపరిణామం విషయంలో ఘర్షణ నిజమైనదే. 1981 నాటి మరో గ్రంథంలో బుకాయ్ జంతువుల పరిణామాన్ని చాలావరకు అంగీకరించి, మానవుని విషయంలో మాత్రం వేరే దారి పట్టారు. మానవ పరిణామానికి జీవశాస్త్రజ్ఞులు చూపే ఆధారాలు జంతువులకు చూపే ఆధారాల కోవకు చెందినవే. ‘స్థిరపడిన వాస్తవం’ ఏదో నిర్ణయించే గీత ఇక్కడ ఆయన అవసరాన్ని బట్టి జరిగింది. ఇటువంటి చోట విశ్వాసికి తగినది ఓర్పు. ఆధారాలను దాచడమూ తగదు, ఆయతులకు తొందరపాటు అర్థాలు అంటగట్టడమూ తగదు. రెండు సత్యాల మధ్య దారి వెంటనే కనిపించకపోతే, చూపు చాలలేదని ఒప్పుకోవడం ఈమాన్‌కు లోటు కాదు.

హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ 1954-56 మధ్య బీరూనీ మహాగ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ని మూడు సంపుటాలుగా ముద్రించింది. హదీసు, రిజాల్ గ్రంథాలను అచ్చువేసిన సంస్థే ఈ ఖగోళ గణితాన్నీ అచ్చువేసింది. ఒకదానికి మరొకటి సాక్ష్యం చెప్పాలని ఎవరూ కోరలేదు. రెండూ ఒకే బీరువాలో పక్కపక్కనే నిలిచాయి. ముస్లిం విద్యార్థికి కావలసిన ఆదర్శం ఇది. బుకాయ్ గ్రంథాన్ని ఒక సహృదయుని మెచ్చుకోలుగా చదివి సంతోషించవచ్చు. దాన్ని ఈమాన్‌కు పునాదిగా పెట్టుకుంటే మాత్రం, ప్రతి కొత్త ఆవిష్కరణ వార్తకూ ఆ పునాది కదులుతూనే ఉంటుంది.