ప్రవాసహేతు విచారము

ప్రవాసమునకుఁ గార్యము, శాపము, సంభ్రమము నని మూఁడు హేతువులను ధనంజయుఁడు దశరూపకమునందును, విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునందును జెప్పియున్నారు. గల్ఫు వలసను గూర్చిన మన కథలను, పాటలను విమర్శించువారు కొందఱు వానిని కార్యప్రవాసమునఁ జేర్చి తృప్తి నొందుచున్నారు. ఆ కార్య మెట్టిదని యడిగినచో దారిద్ర్యమని యొకరు, ధనాశ యని యొకరు చెప్పుదురు. రెండును అన్వయవ్యతిరేకములకు నిలువవు. ధనాశ యూరిలోని సంపన్నునకును గలదు. అతఁడు కూలికై యెడారి కేగఁడు. కేవల దరిద్రుఁడో, పోఁజాలఁడు. ఏజెంటునకును, వీసాకును, విమానమునకును సొమ్ము ముందే చెల్లింపవలెను. కుదువ పెట్టుటకు నాలుగు గుంటల భూమియో, భార్య మెడలోని బంగారమో, నమ్మి యప్పిచ్చు బంధువో యుండవలెను. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల మెట్టరైతు నీరు పడని బోరుబావికిఁ జేసిన యప్పు తీర్చుటకై మరల నప్పు చేసి దుబాయి కేగుట కలదు. లక్ష రూపాయలు నెలకు నూటికి రెండు వడ్డీకిఁ దెచ్చె ననుకొందము. రెండేండ్ల యొడంబడిక ముగియునప్పటికి వడ్డీయే 48,000. అసలు కదలదు, కావున మరల నేగును.

ఇట ఋణము ప్రయోజకకర్త, పోవువాఁడు ప్రయోజ్యకర్త. ప్రయోజ్యునకుఁ గర్తృత్వము పోదని వైయాకరణు లెఱుఁగుదురు. వానిని కీలుబొమ్మగాఁ జిత్రించు కథకు లీ సంగతి మఱచిరి.

పూర్వము కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగూను కేగినవారి తీరు వేఱు. మేస్త్రీయే బయానా యిచ్చి తీసికొనిపోయెడివాఁడు. చేతఁ గాసు లేనివాఁడును బోఁగలిగెను. ఉత్తమర్ణుఁడు కూలివాని వెంటనే యుండెను. గల్ఫునకుఁ బోయినవాని యుత్తమర్ణుఁడు సామాన్యముగ నూరనే యుండి యింటి తలుపు తట్టును.

రసవిచారమున నీ భేదము స్వల్పము కాదు. మేఘసందేశమున యక్షపత్ని గడపకడఁ బూవు లుంచి మిగిలిన నెలలు లెక్కించును. (శపించినవాఁడు ధనపతియే యగుట స్మరింపఁదగును.) ఆ లెక్క యేఁడాదితో ముగియును. మన యిల్లాలు వచ్చిన సొమ్మును వడ్డీకిని, బడిజీతమునకును, అత్తగారి మందులకును బంచి, మగఁడు రావలసిన నెలను దానే ముందునకు జరుపును. రావలె నని కోరుచునే, ఇప్పుడు రావలదని ఫోనులోఁ జెప్పును. విరహమును బొడిగించు మాట విరహిణి నోటనే పుట్టుట లాక్షణికులు విడిగా లెక్కింపని యవస్థ. నేను జూచిన పాటలలో నిది లేదు. ఫోనులు వచ్చిన వెనుకఁ గూడ ఉత్తరము రాలే దను నేడుపే పెక్కింటఁ గలదు.