ఫిరంగి వెనక తలుపు

పంపు షాఫ్టు చుట్టూ నీళ్లను ఆపే గ్లాండు మీద పోయినవారం రాసింది చదివి మిలిటరీ మాధవరం నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు గారు ఫోన్ చేశారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది, సర్వీసంతా ఫిరంగుల దగ్గరే గడిపిన మనిషి. "లీకుల గురించి ఇన్నేళ్లుగా రాస్తున్నారు గదండీ మాస్టారూ, మా ఫిరంగి వెనకాల తలుపు గురించి ఒక్క ముక్కా రాయలేదేమండీ?" అని నిలదీశారు. ఆయన చెబుతున్నంతసేపూ నాకు పండగలా ఉంది. ఈ వారం ఆయన కోరిక ప్రకారమే.

టీవీలో ఫిరంగి పేలినప్పుడల్లా అందరి కళ్లూ మూతి మీదే. ఎంత దూరం కొడుతుంది, గుండు ఎన్ని కిలోలు, ఇదే చర్చ. నా ధ్యాసంతా వెనకవైపు ఉంటుంది. గుండును ముందుకు తోసే గ్యాసే వెనక్కీ తోస్తుంది. ఇప్పటి 155 మిల్లీమీటర్ల ఫిరంగిలో పూర్తి మోతాదు మందు కాలినప్పుడు లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 3,000 రెట్లు దాటుతుంది. ఆ గ్యాసు వేడి ఉక్కు కరిగే వేడి కంటే చాలా ఎక్కువ. వెంట్రుకవాసి సందు దొరికినా ఉక్కును కోసుకుంటూ బయటికొస్తుంది. తర్వాతి దెబ్బకు ఆ సందు ఇంకాస్త వెడల్పవుతుంది. సందుకు ఇవతల నిలబడి ఉండేది మనుషులు.

గోల్కొండలో పెట్ల బురుజు ఎక్కి ఫతే రహబర్‌ని చూసినవాళ్లకు ఈ బాధ కనిపించదు. దానికి వెనక తలుపే లేదు. మందైనా గుండైనా మూతి నుంచి కూరాల్సిందే. ప్రపంచం కొన్ని వందల ఏళ్లు చాలావరకు అలాగే కూరింది. వెనకనుంచి నింపితే పని తొందరగా అవుతుందని, ఫిరంగి ముందుకొచ్చి నిలబడే అవసరం ఉండదని అందరికీ తెలుసు. గ్యాసును ఆపే తలుపు చేయడమే చేతకాలేదు.

ఇంగ్లండులో హైడ్రాలిక్ క్రేన్లు తయారుచేసే విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1850ల్లో ఆ తలుపు చేశాడు. ఫిరంగి వెనక భాగంలో పైనుంచి గాడిలోకి దించే ఒక ఇనుప దిమ్మ, దాని వెనక బోలుగా ఉండే పెద్ద మర. ఆ బోలులోంచే గుండూ మందూ లోపలికి తోసి, దిమ్మ దించి, మరను పిడి పట్టి బిగించాలి. దిమ్మ అంచున రాగి కట్టు, అదే గ్యాసుకు అడ్డం. ఎంత గట్టిగా మూసుకుంటుందన్నది పిడి తిప్పిన చేతి బలాన్ని బట్టి ఉంటుంది. 1863లో జపాన్‌లోని కాగోషిమా మీద బ్రిటిష్ నౌకలు కాల్పులు జరిపినప్పుడు 21 ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు 365 సార్లు పేలితే 28 సార్లు ఏదో ఒక ప్రమాదం జరిగిందని లెక్క తేలింది. బిగింపు చాలకపోతే ఆ దిమ్మ గాడిలోంచి ఎగిరిపోయేది. బ్రిటిష్ వాళ్లు విసిగిపోయి మళ్లీ మూతి నుంచి కూరే ఫిరంగులకే వెళ్లిపోయారు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: బిగింపును మనిషి చేతికి వదలకూడదు. ఆ మాట నాకు పుస్తకాల నుంచి రాలేదు, చక్కెర ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉన్న రోజుల్లో పంపు హౌస్‌లో వచ్చింది. అక్కడి పెద్ద ఫిట్టర్‌ని అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్లం. కొవ్వూ గ్రాఫైటూ పట్టించిన ఆస్బెస్టాస్ తాడును షాఫ్టు చుట్టూ వరసలుగా పెట్టి, ప్రతి వరస అతుకూ ముందుదాని ఎదురుగా వచ్చేలా తిప్పి, పైన గ్లాండు నట్లు బిగించేవాడు. చుక్కచుక్కగా నీళ్లు కారాలి. అసలు కారకపోతే తాడు కాలి షాఫ్టు అరిగిపోతుంది, ధార కడితే పంపు పని చేయదు. బాబాయ్ ఈ నట్టు పావు చుట్టు, ఆ నట్టు పావు చుట్టు తిప్పి, అరచెయ్యి గ్లాండు మీద ఆనించి, వేడి చూసి, మళ్లీ వదులు చేసేవాడు. ఆయన డ్యూటీలో ఉంటే పంపులు ఒద్దికగా ఉండేవి. రాత్రి షిఫ్టులో మరొకరు వచ్చి స్పానర్‌కు పైపు తొడిగి బిగించేస్తే తెల్లారేసరికి గ్లాండు పొగలు కక్కేది. ఒకే తాడు, ఒకే పంపు. మారింది చెయ్యి ఒక్కటే. బాబాయ్ చేతిని ఎంత గౌరవించానో, అలాంటి చెయ్యి దొరికితేనే నడిచే యంత్రాన్ని అంతగా ద్వేషించాను.

అందుకే ఫ్రెంచి సైన్యంలోని ద బాంజ్ 1872 ప్రాంతంలో చేసిన తలుపు గురించి మొదటిసారి చదివినప్పుడు కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆయన వాడిందీ ఆ ఆస్బెస్టాసూ పశువుల కొవ్వే! రెండూ కలిపి గుడ్డలో కుట్టి, నడుమ రంధ్రం ఉన్న దిండులా చేశాడు. దాని ముందు పుట్టగొడుగు ఆకారంలో ఉక్కు తల. తల కాండం దిండు మధ్యలోంచి, తలుపు మధ్యలోంచి వెనక్కి వస్తుంది. తలుపును పట్టి ఉంచేది మర. మర చుట్లను మధ్యమధ్యలో పట్టీలుగా కోసేస్తారు కాబట్టి తలుపును తిన్నగా లోపలికి తోసి కొద్దిగా తిప్పితే చాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే మరకు రెండు పనులు అప్పగించాడు, తలుపును పట్టుకోవడమూ దానిదే, గ్యాసును ఆపడమూ దానిదే. ద బాంజ్ ఆ పనులు విడదీశాడు. మర పట్టుకుంటుంది, దిండు ఆపుతుంది.

ఇక ఆపే తీరు చూడండి. మందు అంటుకోగానే గ్యాసు పుట్టగొడుగు తలను వెనక్కి నొక్కుతుంది. తలకూ తలుపుకూ మధ్య నలిగిన దిండుకు పక్కలకు ఉబ్బడం తప్ప దారి లేదు. ఉబ్బి మందు గది గోడకు అతుక్కుంటుంది. ఎంత అతుక్కుంటుందో లెక్క కట్టొచ్చు. తల అడ్డం 15 సెంటీమీటర్లు, కాండం అడ్డం 5 అనుకుందాం. గ్యాసు తల మొత్తం మీద పడుతుంది, ఆ బరువంతా మోసేది కాండం పోగా మిగిలిన దిండు వలయమే. వైశాల్యాల నిష్పత్తి 9కి 8. అంటే దిండులోని ఒత్తిడి ఎప్పుడూ గ్యాసు ఒత్తిడి కంటే ఎనిమిదోవంతు ఎక్కువే. గ్యాసు ఒత్తిడి రెట్టింపైతే, దిండూ రెట్టింపు బిగుస్తుంది. తోసుకొచ్చేవాడే తలుపు బిగిస్తున్నాడు! హార్వర్డ్‌లో పెర్సీ బ్రిడ్జ్‌మన్ అంతకుముందు ఎవరూ చేరని ఒత్తిళ్లను ప్రయోగశాలలో సృష్టించింది కూడా ఈ సూత్రం మీదే. ఆ పనికే 1946లో నోబెల్ అందుకున్నాడు. మందును ఇత్తడి తొడుగులో పెట్టి నింపే ఫిరంగుల దారి వేరు. 75 మిల్లీమీటర్ల ఫ్రెంచి ఫిరంగిలో మాదిరిగా పలచని తొడుగు ఉబ్బి తానే గోడకు అంటుకుంటుంది. మంచి పద్ధతే, కానీ నా మనసు దిండు మీదే.

ఇక్కడితో ఆపితే నా పాట గెలిచినట్టే. హవల్దారు గారు ఆపనివ్వలేదు. "దిండు ఉబ్బేది గోడకు ముందే ఆనుకుని ఉంటేనేనండీ" అన్నారు. నిజమే. గ్యాసు వచ్చి బిగించేలోగా దిండు అంచు గోడను తాకుతూ ఉండాలి. ఆ మొదటి తాకిడి తలుపు వేసినప్పుడే కుదరాలి. అంచున ఒక కాలిన పేలిక ఇరుక్కున్నా, దిండు చిరిగినా, గ్యాసు బిగించేలోపే దూరిపోతుంది. అందుకే పుట్టగొడుగు మొహాన్నీ గది అంచునూ గుడ్డతో తుడిచే పని డ్రిల్లులో భాగం. సంచుల్లో మందు వాడే ఫిరంగికి ప్రతి దెబ్బ తర్వాతా తడి బ్రష్‌తో గదిని తుడిచి, వెనకనుంచి గొట్టంలోకి చూసి, అటువైపు వెలుగు కనిపిస్తేనే ఖాళీగా ఉందని అరిచి చెప్పే మనిషి ఒకడుంటాడు. నిప్పు తనంతట తాను చేయలేని పని అది.

ఆ చూపు తప్పితే ఏమవుతుందో చూడండి. 2017 జూన్‌లో వేల్స్‌లోని కాసిల్‌మార్టిన్ రేంజిలో చాలెంజర్ 2 అనే బ్రిటిష్ ట్యాంకు లోపల పేలుడు జరిగి ఇద్దరు సైనికులు చనిపోయారు. గ్యాసు లోపలికి రాకుండా మూసే భాగాన్ని అంతకుముందు విప్పి మళ్లీ పెట్టలేదు. అది లేకపోయినా ఫిరంగి పేలింది. తలుపు పడిందా లేదా అన్నది యంత్రానికి తెలుసు, మూసే భాగం ఉందా లేదా అన్నది తెలియదు.

బ్రిటిష్ వాళ్లు తలుపును వదిలేసి కూరుడు ఫిరంగులకు వెళ్లిన కాలంలోనే ఇంకో సంగతి జరిగింది. 1879 జనవరిలో థండరర్ అనే యుద్ధనౌకలో 38 టన్నుల ఫిరంగి పగిలి 11 మంది చనిపోయారు. రెండు ఫిరంగులను ఒకేసారి పేల్చారు, ఒకటి పేలలేదు. ఆ మోతలో ఎవరూ గమనించలేదు. దాని మీదే మళ్లీ కూరారు. దాని జంట ఫిరంగిని వూలిచ్‌కు తెచ్చి కావాలనే రెండుసార్లు నింపి పేలిస్తే అది కూడా అలాగే పగిలింది. దానికి వెనక తలుపు లేదు కాబట్టి లీకయ్యే ప్రశ్నే లేదు. కానీ లోపల ఏముందో చూసే దారి కూడా లేదు. బ్రిటిష్ నౌకాదళాన్ని మళ్లీ వెనక తలుపు వైపు నడిపించిన కారణాల్లో ఈ ప్రమాదం ఒకటి.

ఇన్నాళ్లూ వెనక తలుపును వేగం కోసం భరించే ఒక కన్నంగానే లెక్కవేశాను. ఈ వారం ఆ లెక్క మార్చుకుంటున్నాను. ఆ కన్నం వల్లనే మనిషి ప్రతిసారీ లోపలికి చూడగలుగుతున్నాడు. బిగించే పని గ్యాసుకు ఇచ్చేయండి, దానంత బాగా ఏ చెయ్యీ చేయలేదు. చాలెంజర్ 2 తర్వాత వస్తున్న చాలెంజర్ 3లో మందుకు ఉన్న లోహపు అడుగే గ్యాసును మూస్తుంది, అంటే ప్రతి గుండూ తన మూతను తానే తెచ్చుకుంటుంది. మరిచిపోయే అవకాశమే ఉండదు, చాలా మంచి మార్పు. కానీ దాన్ని చూపించి ఇక వెనక నిలబడి చూసే మనిషి అక్కర్లేదని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను.