అవసరం గీసిన గీత

లింకన్ కార్ల మాట వస్తే చాలామంది అమెరికా అధ్యక్షుల్ని తలుచుకుంటారు. నాకు ఎడ్సెల్ ఫోర్డ్ గుర్తొస్తాడు. అప్పులపాలైన లింకన్ కంపెనీని హెన్రీ ఫోర్డ్ 1922లో 80 లక్షల డాలర్లకు కొని కొడుకు ఎడ్సెల్ చేతిలో పెట్టాడు. తండ్రికి కారు నడిస్తే చాలు. కొడుక్కి కంటికీ ఆనాలి.

ఫ్లోరిడా సెలవులకు తనకో కారు కావాలని ఎడ్సెల్ అడిగితే, ఒకప్పుడు పడవలు డిజైన్ చేసిన బాబ్ గ్రెగరీ లింకన్ జెఫిర్ నక్షా మీదే క్రేయాన్‌తో కొత్త గీతలు లాగాడు. బానెట్ సాగింది, ఎత్తు తగ్గింది, స్టెప్నీ డిక్కీ బయటికొచ్చి నిలబడింది. 1939లో అక్కడ దాన్ని చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. కాంటినెంటల్ పుట్టుక అది. 1951లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ప్రదర్శనకు ఎంచుకున్న 8 కార్లలో అదొకటి. ఎడ్సెల్ అది చూడలేదు. 1943లో, 49 ఏళ్లకే పోయాడు.

నా మనసు దోచింది మాత్రం 1961 కాంటినెంటల్. ఫోర్డ్ డిజైనర్ ఎల్‌వుడ్ ఎంగెల్ దాన్ని ముందు థండర్‌బర్డ్ కోసం గీశాడు. అది ఫోర్డ్ పెద్దల్లో ఒకడైన రాబర్ట్ మెక్‌నమారా కంటపడింది, నాలుగు తలుపుల లింకన్‌గా మారింది. అంతకుముందు ఏడాది లింకన్‌తో పోలిస్తే దాదాపు 15 అంగుళాలు పొట్టి. పక్కలు నున్నగా, పలకల్లా ఉంటాయి. పై అంచున ముందు దీపాల నుంచి వెనక దాకా ఒక సన్నటి క్రోమ్ గీత సాగుతుంది. పోటీదార్ల కార్లకు తోకరెక్కలు ఇంకా ఉన్న కాలంలో ఇంత తగ్గించడానికి ఎంత ధైర్యం కావాలి!

ఇక ఆ తలుపులు. ముందు తలుపు కీలు ముందుంటే, వెనక తలుపు కీలు వెనకుంటుంది. రెండు హ్యాండిళ్లూ పక్కపక్కన. దర్జా కోసం చేశారనుకుంటాం గానీ, కారు పొట్టిదైపోయి వెనక సీట్లోకి ఎక్కీదిగేటప్పుడు కాళ్లు తలుపుకు తగులుతున్నాయని తిప్పి బిగించారు. చోటు చాలకపోతే దొరికిన దారి అది. అందుకే అంత అందంగా కుదిరిందని నా నమ్మకం.

కాంటినెంటల్‌కు 80 ఏళ్లు నిండాయని 2019లో అవే తలుపులతో 80 కార్లు చేశారు. వాటి కోసం మామూలు కారును 6 అంగుళాలు సాగదీయాల్సి వచ్చింది. పనితనానికి వంక పెట్టను. కానీ ఎంగెల్ కారులో తలుపు కారుకు లొంగింది. ఇక్కడ కారే తలుపుకు లొంగింది. నా ఓటు 1961కే.