స్థానం నరసింహారావు తొలి వేషాలు – కొన్ని ప్రశ్నలు

స్థానం నరసింహారావు గురించి మన నాటక చరిత్రల్లో ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. ఆయన వేషం కడితే ఆడవాళ్ళే అసూయపడేవారని, ఆడదానికన్నా ఆడదనిపించుకున్నాడని. ఈ మాటను నేనూ చాలా ఏళ్ళు తరగతిలో అప్పజెప్పాను. మొన్నామధ్య పద్య నాటకం గురించి చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "అప్పుడు ఆడవాళ్ళు లేరా మాస్టారూ?" అని అడిగింది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వి పాఠం ముందుకు నడిపాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకు ఎబ్బెట్టుగా తోచింది. ఆ అమ్మాయి అడిగింది పరిశోధకులు అడగవలసిన ప్రశ్న.

విషయం మొదటినుంచి చూద్దాం. స్థానం 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టాడు. 1920లో ఆ ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారు. చంద్రమతి వేషధారి రాలేదు. పద్దెనిమిదేళ్ళకు అటూ ఇటూగా ఉన్న ఈ కుర్రవాడు ఆ వేషం కట్టి గట్టెక్కించాడు. జీవిత చరిత్రలు రాసేవారికి ఈ ఘట్టం మహా ఇష్టం. దీన్ని అదృష్టం ఖాతాలో వేసి వెళ్ళిపోతారు. నాకు ఇందులో అదృష్టం పాలు తక్కువగా, తయారీ పాలు ఎక్కువగా కనిపిస్తుంది. పద్య నాటకంలో వేషమంటే సంభాషణ ఒప్పజెప్పడం కాదు. హార్మోనియంతో శ్రుతి కలవాలి. ఎదుటి పాత్ర పద్యం ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ దించుతుందో తెలియాలి. కొడుకు శవాన్ని ఎత్తుకుని కాటికి నడిచే తల్లి పాత్రను అప్పటికప్పుడు మోసినవాడు, ఆ నాటకాన్ని అంతకుముందే చెవులారా తాగి ఉండాలి. ఆ రోజుల్లో పద్యం పుస్తకంలో కన్నా గాలిలో ఎక్కువగా ఉండేది. పొలంలో, అరుగుమీద, బడి వసారాలో అది వినిపించేది. స్థానం రంగం ఎక్కకముందే ప్రేక్షకుడిగా ఒక చదువు పూర్తిచేశాడని నా ఊహ.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించిన నాటినుంచి సమాజ నాటకం చదువుకున్న మగవాళ్ళ వ్యవహారం. ప్లీడర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు. వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు గడప దాటి వేదిక ఎక్కే కాలం కాదది. అంతవరకు అందరూ రాస్తారు. కానీ ఆటా పాటా అభినయమూ తరతరాలుగా నేర్చిన ఆడవాళ్ళు కోస్తా జిల్లాల్లో అప్పటికి లేకపోలేదు. కళావంతుల స్త్రీలు పదాలు పట్టేవారు, భామాకలాపం ఆడేవారు. భోగంమేళాలకు వ్యతిరేకంగా సంస్కర్తలు నడిపిన ఉద్యమం ఆ వ్యవస్థలోని దోపిడీని ఎండగట్టింది. అది అవసరమే. అయితే వ్యవస్థ మీద వేసిన వేటు ఆ స్త్రీల విద్య మీద కూడా పడింది. పెద్దమనుషుల వేదిక వాళ్ళను దగ్గరకు రానివ్వలేదు.

అదే వేదిక ఏ పాత్రలను తలకెత్తుకున్నదో గమనించండి. కాళ్ళకూరి నారాయణరావు చింతామణి, గురజాడ మధురవాణి, విప్రనారాయణ కథలోని దేవదేవి. ముగ్గురూ వేశ్యలే. వేశ్యను వాకిట్లో నిలబెట్టి, వేశ్య పాత్రను లోపలికి పిలిచి పీట వేశాం. ఆ పీట మీద కూర్చోవడానికి మగపిల్లవాడు కావలసివచ్చాడు. ఈ ముగ్గురి పాత్రలూ స్థానం పోషించినవే. ఆయన ప్రతిభ గురించి మాట్లాడేముందు ఈ ఖాళీ గురించి మాట్లాడకపోతే మన విమర్శ అభినందన సభలో చదివే సన్మానపత్రం అవుతుంది.

ప్రేక్షకుడి కన్ను మగవాడి స్త్రీ వేషానికి అంతకుముందే అలవాటు పడి ఉందన్న సంగతి కూడా మరవకూడదు. కూచిపూడిలో భామవేషం కట్టేది పురుషులే. సత్యభామ జడ పట్టుకు నడిచినవాడు మగవాడని తెలిసే జనం చూసేవారు. కాబట్టి స్థానాన్ని చూసి ప్రేక్షకులు ఆడదని మోసపోయారన్న కథలను నేను అంతగా పట్టించుకోను. ఒకరిద్దరు మోసపోయి ఉండవచ్చు. వేలమంది మాత్రం మోసపోవడానికి రాలేదు. మగవాడని తెలిసి, ఎలా చేస్తాడో చూద్దామని వచ్చారు. మోసం గొప్పదా, తెలిసి కూడా మరిచిపోయేలా చేయడం గొప్పదా?

బాపట్ల తర్వాత ఆయన తెనాలి శ్రీరామవిలాస సభలో చేరాడు. తొలిదశలో నిర్ణయాత్మకమైనది ఇదే. కాంట్రాక్టు నాటకాల సంగతి పాఠకులకు తెలుసు. ఒక ఊరినుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరినుంచి దుర్యోధనుణ్ణి రప్పిస్తారు. రిహార్సలు ఉండదు. ముఖాన రంగు వేసుకునేటప్పుడే పరిచయాలు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు కూడా దిగుతారు. అక్కడ నటుడికి మిగిలేది గొంతు ఒక్కటే. సభ పద్ధతి వేరు. అదే బృందం కలిసి సాధన చేస్తుంది, ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం నేర్పుతుంది. మాధవపెద్ది వెంకటరామయ్య వంటి గంభీరకంఠం ఉన్న నటుల సరసన నిలబడిన కుర్రవాడు గొంతుతో పోటీకి దిగితే నలిగిపోయేవాడు. స్థానం ఆ పోటీకి దిగలేదు. వేరే దారి వెతుక్కున్నాడు.

ఆ దారి ఏమిటో తెలియాలంటే నాటి గానపద్ధతి గుర్తుకు రావాలి. మైకులు లేవు. వెనక వరసదాకా వినబడాలంటే పై శ్రుతిలో పాడాలి. పద్యం చివర రాగం తీస్తూ పోతే ఈలలు, వన్స్‌మోర్లు. చచ్చిపడిన పాత్ర లేచి మళ్ళీ పద్యం అందుకున్న కథలు ఊరికొకటి ఉన్నాయి. కథ ఆగిపోయినా ఎవరికీ పట్టేది కాదు. స్థానం ఈ వాతావరణంలోనే పెరిగినా, పద్యాన్ని పాత్ర మనస్సుకు కట్టేసి చదివాడని చూసినవాళ్ళు ఒక్కమాటగా చెప్పారు. ఆయనది శ్రావ్యమైన గొంతు. ఆ గొంతును ప్రదర్శనకు పెట్టకుండా పాత్ర కోసం ఖర్చుచేశాడు. మా తాతగారు ఆయన్ని చూసింది చివరి సంవత్సరాల్లో, 1950ల్లో. ఆయన ఏనాడూ స్థానం పాడిన రాగం పేరు చెప్పలేదు. "ఆవిడ" ఎలా కూర్చునేదో, ఎలా తల తిప్పేదో చెప్పేవాడు. సంగీత నాటకం చూసి వచ్చిన మనిషికి కూర్చున్న తీరు గుర్తుండిపోయిందంటే ఆ నటుడి బలం ఎక్కడుందో వేరే చెప్పనక్కర్లేదు.

పాత్రల వరసలో కూడా ఒక ఎదుగుదల ఉంది. చంద్రమతిది శోకం. శోకరసం కొత్త నటుణ్ణి కాపాడుతుంది. తప్పటడుగు పడినా కన్నీరు కప్పేస్తుంది. సత్యభామ, చింతామణి, చిత్రాంగి పాత్రలకు ఆ రక్షణ లేదు. ముగ్గురూ ఏదో ఒకటి కోరుకునే స్త్రీలు. వాళ్ళ కోరికను నవ్వులపాలు చేయడం మగనటుడికి మహా సులువు. నడుం రెండుసార్లు తిప్పితే చాలు, ఈలలు పడతాయి. ముఖ్యంగా సారంగధర కథలో చిత్రాంగి సవతి కొడుకును కోరిన రాణి. ప్రేక్షకుడు ఆమెను తిట్టుకోవడానికే వస్తాడు. అటువంటి పాత్రకు పేరు తెచ్చిన నటుడు వెకిలితనానికి లొంగి ఉండడని నమ్ముతాను. ఇక మధురవాణి దగ్గర అసలు పరీక్ష. అక్కడ రాగం తీసి దాక్కోవడానికి పద్యాల గొడుగు లేదు. మాట, చూపు, సమయస్ఫూర్తి, అంతే. పద్య నాటకాల స్త్రీ వేషధారి గురజాడ వచనంలో నెగ్గుకురావడం, ఆయనది గొంతు మీద బతికిన కళ కాదనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం.

ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణ తులాభారం' గురించి సాహిత్య విద్యార్థులు కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ నాటకం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 'మీరజాలగలడా' పాట. దాన్ని రాసింది నాటక కర్త కాదు, సత్యభామ వేషం కట్టిన స్థానమే. ఆ పల్లవినే తిప్పి తిప్పి, ఒకసారి ధీమాగా, ఒకసారి గోముగా, ఒకసారి లోపలి భయం బయటపడేలా అభినయించేవాడని ప్రసిద్ధి. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలోనూ ఆ పాట నిలిచింది. మనం నాటకాన్ని అచ్చుపుస్తకం పెట్టుకుని విమర్శిస్తాం. అయితే జనం గుండెలో నిలిచిన భాగం నటుడి రచన అయినప్పుడు ఆ నాటకానికి కర్త ఎవరు? హరిశ్చంద్ర కాటిసీనులో జాషువా పద్యాలు చేరి, చివరికి అవి లేనిదే సీను లేదనే స్థితి రావడం కూడా ఇటువంటిదే. నటుల చొరవ అన్ని చోట్లా మేలే చేసిందని నేననను. 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్రకు చొప్పించిన బూతు ఆ నాటకాన్ని ఎక్కడికి దిగజార్చిందో, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శననే నిషేధించేదాకా ఎలా వచ్చిందో చూశాం. స్థానం చేర్చిన పాట పాత్రలోంచి పుట్టింది. సుబ్బిశెట్టి బూతు ఈలల కోసం పుట్టింది.

స్త్రీల విషయంలో బళ్ళారి రాఘవ దృష్టి సూటిగా ఉండేది. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలన్నాడు, వాళ్ళను తెచ్చి తన సరసన నిలబెట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి అలా రంగం మీదికి వచ్చినవారే. 1885లో మొదలైన సురభి కుటుంబాల్లో ఈ చర్చకే తావులేదు. అక్కడ ఆడవాళ్ళు మొదటినుంచీ వేషం కట్టారు. ఆ కుటుంబంలోని కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతి అయింది. దాసరి కోటిరత్నం సొంత నాటక సమాజం నడిపి పురుష పాత్రలు కూడా ధరించింది. ఆమెను "మగవాళ్ళకన్నా మగవాడు" అని మన చరిత్రకారుడెవరైనా మెచ్చుకున్నట్లు నేను చదవలేదు.

సిద్ధాంతంగా నేను రాఘవ పక్షం. అయినా స్థానం కళను తీసిపారేయమంటే మనసొప్పదు. ఆ ఖాళీని సృష్టించింది ఆయన కాదు. పద్దెనిమిదేళ్ళవాడికి దొరికిన చోటు అది. అక్కడ నిలబడి నలభై ఏళ్ళ పైచిలుకు స్త్రీ పాత్రలను వెకిలితనానికి వదలకుండా పోషించాడు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలను 'నటస్థానం' పేరుతో పుస్తకంగా మిగిల్చి 1971లో కన్నుమూశాడు.

మరుసటి వారం ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. ఉన్నారమ్మా, రానివ్వలేదు అన్నాను. "మరి ఆయన ఎవర్ని చూసి నేర్చుకున్నారు?" అని మళ్ళీ అడిగింది.