జిగట పోవాలి, మెరుగు మిగలాలి

ఎన్నికల కోడ్ అమల్లోకి రాగానే మా పల్లెల్లోని లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్‌కో, ఆయుధాల దుకాణానికో చేరతాయి. ఎన్నికల తంతు ముగిశాక తిరిగి ఇళ్లకు వస్తాయి. నాన్నగారి తర్వాత నా పేరుకు మారిన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌దీ అదే ప్రయాణం. తిరిగొచ్చేటప్పుడు దాని మడమ మీద నంబరు రాసిన చీటీ, దాన్ని అంటించిన టేపు ఉంటాయి. టేపు లాగితే వచ్చేస్తుంది. జిగురు మాత్రం కర్రనే పట్టుకుని, దుమ్మును పీల్చుకుని నల్లబడుతుంది.

ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే ఆ మరక పోతుంది. దాంతోపాటు అక్రోటు చెక్క మీది పూతా పోతుంది, ఏళ్ల తరబడి చెంప ఆని, అరచేయి ఒరిసి తేలిన నునుపూ పోతుంది. బరువుకు తగ్గ బలం ఉండి, వాతావరణం మారినా పెద్దగా వంకర పోదని తుపాకులకు అక్రోటును ఎంచుకున్నారు. అంత మంచి కర్రకు మనం చేయగల మేలు, అంటుకున్నదాన్ని మాత్రమే తీసి, దాని సొంతమైనదాన్ని దానికే వదిలేయడం.

అందుకే జిగురు కంటే ముందు పూత సంగతి తేల్చుకోవాలి. తుపాకీని మడిచి, రెండు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, గొట్టాలు విడదీసి పక్కన పెడతాను. మడమ చివరి ప్లేటు మరలు విప్పితే, కింద ఎవరికీ కనిపించని అంచు దొరుకుతుంది. అక్కడ దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్ది చూస్తాను. వేలికి జిగటగా తగిలితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించకుండా థిన్నర్‌కు మెత్తబడితే లాకర్. రెండింటికీ లొంగకపోతే బాగా ఆరిన నూనె పూతో, వార్నిషో అయి ఉంటుంది.

ఇక జిగురు. ముందు పొడి వేలితో నెమ్మదిగా ఉండలు చుట్టి, వచ్చినంత తీసేస్తాను. మిగిలినదాని మీద కొబ్బరినూనె అద్దిన గుడ్డ కాసేపు వేసి ఉంచితే జిగురు ఉబ్బి పట్టు వదులుతుంది. మొండిదైతే మినరల్ టర్పెంటైన్. బాగా ఆరిన పూతలను అది సాధారణంగా కరిగించదు. పైన మైనం ఉంటే మాత్రం తీసేస్తుంది, కనుక చివర్లో మళ్లీ పల్చగా మైనం పట్టించాలి. పట్టు కోసం చెక్కిన గళ్లలో ఇరుక్కున్నదానికి మెత్తటి టూత్‌బ్రష్ చాలు, గీత వెంబడే నడపాలి. కత్తి అంచు దగ్గరికి రానివ్వను. వేడిగాలి కూడా పెట్టను, వేడికి లక్క మెత్తబడుతుంది.

ఒక్కోసారి జిగట బయటి నుంచి వచ్చింది కాకపోవచ్చు. అవిసె నూనె మందంగా పూసి వదిలేస్తే పూతే జిడ్డుగా నిలిచిపోతుంది. ఆ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. మందంగా ఉంటే పైన మీగడ కట్టి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. టర్పెంటైన్‌తో ఆ పై నూనె తుడిచేసి, రోజుల తరబడి గాలి తగలనివ్వాలి. తర్వాత పూసే ప్రతి పొరా అరచేతితో రుద్ది ఇంకించేంత పల్చగా ఉండాలి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట పరచాలి, లేదా నీళ్లలో ముంచాలి.

ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది క్రమాన్ని. ముందు వేలు, తర్వాత నూనె, ఆ తర్వాతే ద్రావకం. జిగురు మిగిలితే రేపు మళ్లీ కూర్చోవచ్చు, పోయిన పూత మాత్రం తిరిగి రాదు. మీ ఇంట్లో తుపాకీ లేకపోయినా పాత వీణో, తాతల నాటి పందిరి మంచమో, ఏటికొప్పాక బొమ్మో ఉండవచ్చు. దాని మీద ధర చీటీ జిగురు కనిపిస్తే ఇదే క్రమం పాటించండి. ఏటికొప్పాక బొమ్మకు మాత్రం స్పిరిట్ తాకించకండి. అంకుడు కర్ర మీది ఆ రంగులన్నీ లక్కే.